ఆర్‌సీ మిగిలిపోయింది

ఉబుంటులో ఒక సాఫ్ట్‌వేర్‌ని 'ఆప్ట్ రిమూవ్' కొట్టి తీసేస్తే అది పూర్తిగా పోదు. ప్రోగ్రామ్ పోతుంది గానీ, ఈటీసీ ఫోల్డర్‌లో దాని కాన్ఫిగ్ ఫైళ్ళు అలాగే ఉంటాయి. డీపీకేజీ లిస్టు చూస్తే ఆ ప్యాకేజీ పేరు ముందు 'ఆర్‌సీ' అని రెండక్షరాలు కనిపిస్తాయి. రిమూవ్ అయింది, కాన్ఫిగ్ మిగిలింది అని అర్థం. బండి అమ్మేసినా ఆర్‌సీ మన పేరు మీదే ఉన్నట్టు! అవి కూడా పోవాలంటే 'పర్జ్' చెయ్యాలి.

ఇది డెబియన్ వాళ్ళు కావాలనే పెట్టుకున్న రూలు. ప్రోగ్రామ్‌ని ఎప్పుడైనా మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, మనం చేత్తో మార్చుకున్న సెట్టింగ్ మాత్రం ఇంకెక్కడా దొరకదు. అందుకే అప్‌గ్రేడ్ అప్పుడు కూడా, ఫైల్‌ని మనమూ మార్చి, ప్యాకేజీ వాళ్ళూ మార్చి ఉంటే, డీపీకేజీ ఆగి మనల్ని అడుగుతుంది. ఊరికే ఎంటర్ కొడితే మన ఫైలే ఉంచుతుంది.

కానీ ఒక ప్యాకేజీ స్థానంలోకి వేరే ప్యాకేజీ వస్తే? అప్పుడే అసలు కథ.

పోయిన సెమిస్టర్‌లో మా డీబీఎంఎస్ ల్యాబ్ సర్వర్‌ని మైఎస్‌క్యూఎల్ నుంచి మరియాడీబీకి మార్చే పని నాకు వచ్చింది. ఈ రెండూ అక్కాచెల్లెళ్ళే. మాంటీ వైడినియస్ తన పెద్ద కూతురు 'మై' పేరు మొదటిదానికి, చిన్న కూతురు 'మరియా' పేరు రెండోదానికి పెట్టాడు. ముందుగా డేటా అంతా డంప్ తీసుకుని మరియాడీబీ ఇన్‌స్టాల్ చేశాను. ఆప్ట్ పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టింది. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. "పాతవన్నీ పర్జ్ చేసెయ్, క్లీన్‌గా ఉంటుంది" అన్నారు సర్.

పర్జ్ కొట్టే ముందు పాత ఫైల్ తెరిచాను. ఎప్పుడో పాసై వెళ్ళిపోయిన సీనియర్ అన్న ఒకరు రాసిన లైన్లు కనిపించాయి. ఆయన నెంబర్ ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. మాక్స్ కనెక్షన్స్ 400 అని పెట్టి, పక్కన కామెంట్: "ఎగ్జామ్ రోజు రెండు సెక్షన్లు ఒకేసారి వస్తాయి, తగ్గించకండి." దాని కింద, ల్యాబ్ మెషీన్లు కనెక్ట్ కావడానికి మార్చిన బైండ్ అడ్రస్.

అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఈటీసీలో ఒకే ఫోల్డర్, కానీ గదులు వేరు. మైఎస్‌క్యూఎల్ సర్వర్ సెట్టింగులు ఒక సబ్‌ఫోల్డర్‌లో, మరియాడీబీవి ఇంకోదాంట్లో. చెల్లెలు అక్క గదిలోకి తొంగి కూడా చూడదు. అంటే అన్న రాసిన ఫైల్ భద్రంగా ఉంది, కానీ దాన్ని చదివేవాళ్ళు లేరు. కొత్త సర్వర్‌లో కనెక్షన్ల లిమిట్ డిఫాల్ట్ 151. బైండ్ అడ్రస్ 127.0.0.1, అంటే ఆ మెషీన్ తనతో తాను మాట్లాడుకోవడం తప్ప ల్యాబ్‌లో ఇంకెవరికీ పలకదు. ఎగ్జామ్ ఇంకా తొమ్మిది రోజులుంది.

మరి ఫైల్ మొత్తం కాపీ చేసి కొత్త గదిలో పడేస్తే సరిపోతుందా? సరిపోదు. అందులో మైఎస్‌క్యూఎల్‌కి మాత్రమే తెలిసిన 'మైఎస్‌క్యూఎల్ఎక్స్ బైండ్ అడ్రస్' లాంటి లైన్లున్నాయి. తెలియని వేరియబుల్ కనిపిస్తే మరియాడీబీ అసలు స్టార్టే కాదు. కాబట్టి ఒక్కో లైనూ చదివి, ఎందుకుందో అర్థం చేసుకుని, పనికొచ్చేవే కొత్త ఫైల్‌లోకి తెచ్చాను. అన్న కామెంట్‌ని అక్షరం మార్చకుండా తెచ్చి, దాని కింద ఇంకో లైను రాశాను: "మరియాడీబీకి మారాక కూడా ఇది కావాలి."

ఆ తర్వాతే పర్జ్ కొట్టాను.

సిస్టమ్ మన ఫైల్‌ని దాచిపెడుతుంది, దానికి తెలిసింది అంతే. 400 ఎందుకో దానికి తెలియదు. ఆ కారణం కామెంట్‌లో లేకపోయుంటే నేనూ దాన్ని ఎవరో వేసిన అంకె అనుకుని వదిలేసేవాణ్ణే.

మీ ల్యాప్‌టాప్‌లో కూడా ఆర్‌సీ అని ఉన్న ప్యాకేజీలు ఓ పదైనా ఉంటాయి. పర్జ్ చెయ్యండి, తప్పేం లేదు. ముందు ఒక్కసారి తెరిచి చదవండి.