గృహస్థాశ్రమమే ఆయన యజ్ఞశాల

గత మాఘమాసంలో మా గ్రామవాసి అయిన ఒక గృహస్థు పరమపదించారు. గౌతమీ గోదావరి తీరాన ఉన్న మా శివాలయంలో ముప్పది సంవత్సరాలుగా అర్చకత్వం నిర్వహిస్తున్న నాకు ఆయన చిరపరిచితులు. ఆలయవీధి మొదట్లో చిన్న కిరాణా దుకాణమే ఆయన జీవనాధారం. ద్వాదశాహం నాడు భోజనాలు ముగిసిన తరువాత ఆయన చిన్నకుమార్తె నా వద్దకు వచ్చి నమస్కరించి, "పంతులుగారూ, మా నాన్నగారికి మంత్రాలు రావు. ఒక పూట స్థిరంగా కూర్చుని జపం చేయగా నేను చూడలేదు. ఆయనకు సద్గతి ఉంటుందాండీ?" అని అడిగింది.

"తప్పక ఉంటుందమ్మా" అన్నాను. అది కేవలం ఓదార్పు కోసం పలికిన మాట కాదు. అయితే ఎందుకలా అన్నానో వివరించడానికి అది సమయం కాదు. ఆ వివరణనే ఇప్పుడు వ్రాస్తున్నాను. అంతకుముందు నా అపరాధమొకటి విన్నవించుకోవాలి.

సుమారు పదిహేను సంవత్సరాల క్రితం ఒక కార్తిక సోమవారం. స్వామికి ఏకాదశ రుద్రాభిషేకం. ఆలయం భక్తులతో నిండి ఉంది. అభిషేకద్రవ్యాలు సమకూర్చే బాధ్యత ఎప్పటివలెనే ఆయనది. ఉదయం ఐదు గంటలకు రావలసినవారు ఎనిమిది దాటిన తరువాత వచ్చారు. వచ్చినా లోనికి రాలేదు. పాలు, పెరుగు, తేనె, కొబ్బరిబోండాలు ఒక కుర్రవానిచేత పంపించి, తాము తడిబట్టలతో ధ్వజస్తంభానికి వెలుపలే నిలిచిపోయారు. దానిని నేను నిర్లక్ష్యమని భావించాను. అందరి ఎదుటా, "దైవకార్యమంటే దుకాణవ్యవహారమనుకున్నారా?" అని పరుషంగా మాట్లాడాను. ఆయన చేతులు జోడించి, "తప్పైపోయిందండీ" అన్నారు. అంతకు మించి ఒక్క మాట లేదు.

సాయంకాలం రేవులో పడవ నడిపే వ్యక్తి చెప్పగా విషయం తెలిసింది. సత్రం అరుగుమీద కొంతకాలంగా తలదాచుకుంటున్న ఒక వృద్ధ బాటసారి ముందురోజు మరణించాడు. ఊరూ పేరూ తెలియవు. నా అనేవారు లేరు. పోలీసులకు, పంచాయతీవారికి తెలియజేసి, వారి అనుమతి లభించేవరకు ఆయన రాత్రంతా ఆ శవానికి కాపలా కూర్చున్నారు. తెల్లవారగానే మరి ముగ్గురిని పిలుచుకొని, పాడె కట్టి, భుజం పట్టి, తమ సొమ్ముతో కట్టెలు తెప్పించి దహనం చేయించారు. ఆ తరువాత గోదావరిలో స్నానం చేసి తిన్నగా ఆలయానికి వచ్చారు. అవి ఆ స్నానంతో తడిసిన బట్టలు!

అనాథప్రేతాన్ని మోసుకుపోయేవారికి అడుగడుగునా యజ్ఞఫలం సిద్ధిస్తుందని, జలావగాహనం చేతనే వారికి సద్యశ్శౌచం కలుగుతుందని పరాశరస్మృతి తాత్పర్యం. పాఠశాలలో గురువుగారి ముందు కూర్చుని నేను చదువుకున్నదే అది. ఆ స్మృతివాక్యం అనాథుడైన బ్రాహ్మణుణ్ణి ఉద్దేశించి చెప్పినది. ఆయన మాత్రం ఆ మృతునిది ఏ కులమని విచారించలేదు. శాస్త్రం తెలిసిన నేను ఎదురేగి లోనికి తీసుకురావలసిన వ్యక్తిని, వెలుపల నిలబెట్టి నిందించాను.

ఆ రాత్రి వారి ఇంటికి వెళ్ళాను. పక్షవాతంతో మంచం పట్టిన తల్లికి ఆయన చెంచాతో జావ తాగిస్తున్నారు. నన్ను చూసి కంగారుగా లేవబోతే వారించి, క్షమించమని అడిగాను. "మీకు తెలియదు కదండీ పంతులుగారూ! నేనే చెప్పవలసింది. శుభమా అని అభిషేకం జరుగుతుంటే చావుమాట ఎత్తడం ఎందుకని ఊరుకున్నానండి" అన్నారు. వెంటనే, "కాస్త కూర్చోండి, అమ్మ నోరు తుడిచి వస్తాను" అని తమ పనిలో నిమగ్నులయ్యారు.

మహాభారతం అరణ్యపర్వంలో కౌశికుని కథ మనందరికీ తెలిసినదే. తపోబలంతో కొంగను చూపుతోనే దగ్ధం చేసిన ఆ విప్రునికి, మిథిలలో మాంసం విక్రయించే ధర్మవ్యాధుడు ధర్మసూక్ష్మాన్ని బోధించి, చివరకు తన వృద్ధ తల్లిదండ్రులను చూపి వీరే నా దైవాలన్నాడు. ఆ కథను నేను ఎన్నోసార్లు పురాణప్రవచనంలో చెప్పాను. అందులోని కౌశికుడు నేనేనని ఆ రాత్రి తెలిసింది.

గృహస్థు ప్రతిదినం ఆచరించవలసిన పంచమహాయజ్ఞాలను వేదం విధించింది. ఆయన జీవితాన్ని వాటితో సరిపోల్చి చూస్తాను. దుకాణం తెరవగానే దీపం వెలిగించి, స్వామికి ద్రవ్యాలు పంపేవారు, అది దేవయజ్ఞం. పితరులకు తద్దినాలు శ్రద్ధగా పెట్టేవారు, అది పితృయజ్ఞం. జీవించి ఉన్న తల్లికి తొమ్మిదేళ్ళు స్వహస్తాలతో చేసిన సేవను కూడా నేను అందులోనే చేర్చుకుంటాను. దుకాణం ముందు పక్షులకు నూకలు చల్లనిదే తాము భుజించేవారు కారు, అది భూతయజ్ఞం. రాత్రివేళ తల్లి మంచం పక్కన పోతనగారి భాగవతం బిగ్గరగా చదివేవారు. వేదాధ్యయనం లేని ఆయనకు అదే బ్రహ్మయజ్ఞం. ఇక మనుష్యయజ్ఞం గురించి చెప్పాలంటే మా ఊరంతా సాక్ష్యం పలుకుతుంది. 2015 గోదావరి పుష్కరాలలో పన్నెండు రోజులూ ఘట్టంలో వృద్ధులను చేయి పట్టి దింపారు. 2022 జూలై వరదలలో భద్రాచలం వద్ద నీటిమట్టం 70 అడుగులు దాటినప్పుడు, మా దిగువన లంకగ్రామాలు మునిగితే, అన్నం మూటలు కట్టించి పడవలలో పంపారు.

లోకసేవలో నిమగ్నులైనవారు కొందరు ఇంటిని విస్మరిస్తారు. ఇంటిలో నిమగ్నులైనవారు లోకాన్ని విస్మరిస్తారు. ఆయనకు ఈ రెండూ వేరుగా కనిపించలేదు. అన్నదానానికి వచ్చే యువకులతో, "ముందు మీ ఇంట్లో అమ్మకు ఏం కావాలో చూసి రండి, తరువాత ఇక్కడ పొయ్యి వెలిగిద్దాం" అనేవారు. మధ్యాహ్నం ఒక గంట దుకాణం మూసి తల్లికి అన్నం పెట్టడానికి వెళ్ళడం పుష్కరాలలో సైతం మానలేదు. భార్యకు జ్వరం వస్తే వంట తామే చేసి పిల్లలను బడికి పంపి, ఆ తరువాతనే చలివేంద్రానికి వచ్చేవారు. ఈ క్రమాన్ని ఆయన ఏ గ్రంథం చూసి నేర్చుకోలేదు.

ఈ ఉగాదికి ఆయన చిన్నకుమార్తె హైదరాబాదు నుండి వచ్చి, తండ్రిగారి చలివేంద్రాన్ని తిరిగి ప్రారంభించింది. కొత్తకుండలలో ఆమె నీళ్ళు నింపుతుండగా నేను కూడా ఒక బిందె అందించాను. ఆమె ఆనాటి ప్రశ్న మళ్ళీ అడగలేదు. అయినా చెబుతున్నాను: అమ్మా, మీ నాన్నగారు జపం చేయగా నీవు చూడలేదన్నావు. ఆయన యజ్ఞం చేస్తుండగా నీవు ప్రతిదినం చూశావు. నేను ఒకనాడు చూసి కూడా గుర్తించలేకపోయాను. నాటినుండి ఆలయానికి ఎవరు ఆలస్యంగా వచ్చినా, కారణం అడగకుండా కోపించడం మానుకున్నాను. ఆయన నాకు చేసిన ఉపదేశం అది.

స్వస్తి.