ఆదివారం పాటకు ఆరు రోజుల గొంతు

క్రిస్మస్ దగ్గర పడేకొద్దీ మన గాయక బృందాల్లో తేనె, మిరియాలు, కరక్కాయ, పటికబెల్లం చేతులు మారుతుంటాయి. ఎవరో ఒకరు పచ్చిగుడ్డు కూడా మింగిస్తారు. మా సంఘంలో పాటలు నేర్పుతూ ఇరవై ఏళ్ళకు పైగా ఈ వైద్యాలన్నీ చూశాను. గొంతుకు కాస్త హాయిగా ఉంటుందేమో గాని, మనం మింగినది స్వరతంత్రులను తాకదు. అది అన్ననాళంలోకి పోతుంది, అవి ఉండేది గాలిగొట్టం పైన. తాకిందా, పొలమారుతుంది! మంచినీళ్ళైనా అంతే. ఒంటికి పట్టిన తరువాతే ఆ పొరలను తడిగా ఉంచుతాయి. కనుక పాటకు ముందు గ్లాసెడు గటగటా తాగే కన్నా, ఉదయం నుండి కొద్దికొద్దిగా తాగడం మేలు.

మా బృందంలో ఒక సహోదరి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని. యాభై మంది పిల్లలు, పైన రేకులు, పక్క తరగతికీ ఈ తరగతికీ మధ్య సగం గోడ. ఆదివారం పాడే గొంతుతోనే ఆరు రోజులూ కేకలు వేయాలి. రెండేళ్ళ క్రితం జూలైలో ఆమె గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, అలసటన్నారు. నెల దాటినా తగ్గలేదు. "అక్కా, పై స్వరం దగ్గర గాలే వస్తోంది గాని పాట రావడం లేదు" అన్నప్పుడు నాకు భయం వేసింది.

చెవి ముక్కు గొంతు డాక్టరు సన్నని గొట్టంతో చూసి, రెండు స్వరతంత్రుల మీదా చిన్న బొడిపెలున్నాయన్నారు. పార పట్టే చేతికి కాయలు కాసినట్టే ఇవీ. ఆడవారు మాట్లాడేటప్పుడు ఈ తంత్రులు సెకనుకు దాదాపు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. పై స్థాయిలో పాడితే అంతకు రెట్టింపు, ఇంకా ఎక్కువ. కేక వేస్తే ఆ తగలడమే కొట్టుకోవడమవుతుంది.

ఆమె దిగులు పాట గురించి కాదు, ఉద్యోగం గురించి. ఇంట్లో సంపాదన ఆమెదే. డాక్టరు మాత్రం ఆపరేషన్ మాట ఎత్తలేదు, ముందు మాట తీరు మార్చాలన్నారు. స్పీచ్ థెరపిస్టు నేర్పినవి చూస్తే అన్నీ పాటల మేష్టార్లు చెప్పేవే. భుజాలు ఎగరేయకుండా నడుము దగ్గర ఊపిరి నిండనివ్వడం, పెదవులు బుర్రుమనిపిస్తూ స్వరం పలకడం, కూల్‌డ్రింకు స్ట్రాలోంచి 'ఊ' అని ఊదడం. ఇందులో వింత లేదు. 1854లో చిన్న అద్దంతో తన స్వరతంత్రుల కదలికను తానే చూసుకున్న మాన్యుయెల్ గార్షియా డాక్టరు కాదు, పాటలు నేర్పే గురువు.

కర్ణాటక సంగీతంలో సరళీ వరుసలు నెమ్మదిగా మొదటి కాలంలో మొదలవుతాయి, ఎవరి శ్రుతి వారిదే. మన దగ్గరో? హార్మోనియం వాయించే తమ్ముడి చేతికి ఏ మెట్టు అలవాటైతే అదే సంఘమంతటికీ శ్రుతి! ఇది నాకు ఎన్నడూ నచ్చదు. పాటను ఒక మెట్టు దించితే దేవునికి తగ్గేదేమీ లేదు. స్పీకర్లన్నీ జనం వైపే ఉంటే మన గొంతు మనకు వినబడదు, అప్పుడూ అరుస్తాం.

రాత్రి భోజనం ఎన్నింటికని డాక్టరు అడిగితే ఆమె ఆశ్చర్యపోయారు. ప్రార్థన కూటం ముగించుకుని పదింటికి ఆవకాయ అన్నం తిని వెంటనే పడుకుంటే, కడుపులోని ఆమ్లం గొంతు దాకా రావచ్చు. తెల్లవారి ఏదో అడ్డుపడ్డట్టుంటుంది. దాన్ని వదిలించుకోవడానికి ఖంగుఖంగుమంటాం, అదీ దెబ్బే. ఒక గుక్క నీళ్ళు మింగితే చాలు. గొంతు బిగించి గుసగుసలాడడం కూడా విశ్రాంతి కాదు. ఇక పొగ సంగతి వేరే చెప్పాలా? మూడు నాలుగు వారాలైనా తగ్గని బొంగురును డాక్టరుకు చూపించి తీరాలి. పొగ తాగేవారైతే మరీ, అది స్వరపేటిక క్యాన్సరుకు తొలి గుర్తు కావచ్చు.

ఆ సహోదరి బల్ల మీద చిన్న గంట పెట్టుకున్నారు. పిల్లలు గోల చేస్తే గంట కొడతారు, గొంతెత్తరు. డిసెంబరు నాటికి బొడిపెలు బాగా తగ్గాయి. ఆ క్రిస్మస్‌కు ఆల్టోలో నిలబడి పాడారు. సొప్రానోలోకి రమ్మంటే, "ఇంకొన్నాళ్ళు కానివ్వండక్కా" అన్నారు.