ఒక జట్టు రెండైన కథ

1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన భిలాయి ఉక్కు కర్మాగారం చెంత వెలసిన కాలనీలలో సెక్టర్ 2 ఒకటి. సాయంకాలం ఆ క్వార్టర్ల నడుమ నడిచేవారికి హిందీతోపాటు తెలుగూ, మలయాళమూ, బెంగాలీ వినవస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలనుండి బతుకుతెరువుకై తరలివచ్చిన కుటుంబాలెన్నో ఈ ఉక్కు నగరంలో స్థిరపడినాయి. ఇంట్లో మాట్లాడే భాష ఏదైనా, భారత్, పాకిస్తాన్ క్రికెట్‌లో తలపడేనాడు అందరి ధ్యాసా ఒక్కటే. ఆనాడు రేడియో చుట్టూ, ఈనాడు టెలివిజన్ చుట్టూ చేరుతారు.

ఈ స్పర్ధకు పూర్వకథ ఒకటున్నది. అందులో తెలుగువారికీ భాగమున్నది. భిలాయి మీదుగా పడమటికి సాగే రైలు నాగపూరు చేరుతుంది. సి.కె. నాయుడు 1895లో జన్మించినది అక్కడే. 1932లో లార్డ్స్ మైదానంలో భారత్ తన తొలి టెస్టు ఆడినప్పుడు నాయకుడు ఆయనే. ఆ ఆట మొదటి ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు పడగొట్టిన మహమ్మద్ నిస్సార్ దేశవిభజన తర్వాత పాకిస్తానీయుడైనాడు.

1952 అక్టోబరులో ఢిల్లీలో ఇరుదేశాల తొలి టెస్టు జరిగింది. భారత నాయకుడు లాలా అమర్‌నాథ్ లాహోరులో పెరిగినవాడు. పాకిస్తాన్ నాయకుడు అబ్దుల్ హఫీజ్ కర్దార్ 1946లో అదే అమర్‌నాథ్‌తో కలిసి భారత జట్టు తరఫున ఇంగ్లండులో ఆడినవాడు! ఢిల్లీలో భారత్, ఆ వెంటనే లక్నోలో పాకిస్తాన్ గెలిచాయి.

తర్వాత ఓటమి భయం ఆటను ఆవరించింది. 1954–55లో ఐదు, 1960–61లో ఐదు, మొత్తం పది టెస్టులూ ఫలితం తేలకనే ముగిశాయి. రెండు యుద్ధాల నడుమ ఆగిన ఆట 17 ఏళ్లకు, 1978లో, మళ్లీ మొదలైంది. 1999 జనవరిలో చెన్నైలో సచిన్ టెండూల్కర్ 136 పరుగులు చేసినా భారత్ 12 పరుగుల తేడాతో ఓడింది. ఆ దుఃఖంలోనూ ప్రేక్షకులు లేచి నిలిచి పాకిస్తాన్ జట్టుకు కరతాళధ్వనులు చేశారు.

2007 తర్వాత ఈ రెండు జట్ల మధ్య టెస్టు లేదు. పహల్గాం ఉగ్రదాడి జరిగిన 2025లో, సెప్టెంబరున దుబాయ్‌లో ఆట ముగిశాక కరచాలనం కూడా లేకపోయింది. గాయం అంత పచ్చిది.

పిల్లలు ఆడుకునేటప్పుడు రోజూ రెండు పక్షాలుగా చీలుతారు. నిన్న మనవైపు ఆడినవాడు నేడు ఎదుటివాడు. రేపు మళ్లీ మనవాడే. పెద్దలు మరచిన ఆ సంగతి, 1952లో ఎదురెదురుగా నిలిచిన ఇద్దరు నాయకులకూ స్వానుభవమే.