తాళం గుర్తు చెప్పనిది

కొన్నేళ్ళ కిందట కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ వెళ్ళి మావయ్య పప్పుల కొట్లో కూర్చున్నాను. ఎవరికో డబ్బు పంపబోతూ ఆయన ఆగాడు. బ్యాంకు సైటు పేరు పక్కన అప్పట్లో చిన్న తాళం గుర్తు ఉండేది. అది ఉంటే దారిలో ఎవరూ చదవలేరని చెప్పాను. "సరే అల్లుడూ, అవతల ఉండేది బ్యాంకేనని ఎవరు చెప్పేది?" అన్నాడు.

మావయ్య వయసులో ఉన్నప్పుడు ఎద్దుల సంతల్లో బేరాలు చేసినవాడు. అక్కడ తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంత జనమున్నా అంకె బయటికి పొక్కదు. కానీ పట్టుకున్న చెయ్యి ఎవరిదో తెలియకపోతే ఆ గుట్టు ఎవరికి పనికొస్తుంది?

నెట్‌వర్కుల పనిలో ఉన్నవాణ్ణి కనక, సైటు పేరుకు పూచీగా ఉండే ధ్రువపత్రాల సంగతి చెప్పాను. ఆయన తలూపాడు గానీ నా జవాబు నాకే చాలలేదు. ఆ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. 1978లో నీడమ్, ష్రోడర్ అనే శాస్త్రవేత్తలు రెండు కంప్యూటర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టే పద్ధతి రాశారు. 17 ఏళ్ళ పాటు పండితులు దాన్ని చదివారు, చదివించారు. 1995లో గావిన్ లోవ్ అందులోని లోపం చూపించాడు. మనం తెలియక ఒక మోసగాడితో మాట మొదలుపెడితే, వాడు మన సందేశాలనే ఇంకొకరి దగ్గరికి మోసుకెళ్ళి, తానే మనమని నమ్మించగలడు. సంకేత గణితాన్ని ఛేదించాల్సిన పనే లేదు. జవాబిచ్చేవాడు తన పేరు చెప్పకపోవడమే ఆ సందు. లోవ్ చేసిన దిద్దుబాటు కూడా ఆ జవాబులో పేరు చేర్చడమే.

మరి ఆ పేరుకు పూచీ ఎవరు? 2014 జూలైలో గూగుల్ సైట్ల పేర్లతో, గూగుల్‌కు తెలియకుండా పుట్టిన ధ్రువపత్రాలు బయటపడ్డాయి. అవి మన నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ నుంచి జారీ అయినవి. అక్కడి జారీ ప్రక్రియే దెబ్బతిన్నదని విచారణలో తేలింది. పూచీ పడేవాళ్ళకూ కాపలా కావాలన్నమాట.

ఇదంతా చదివాక, గుట్టుగా ఉన్నదాన్ని నమ్మదగిందని మనం ఎంత తేలిగ్గా అనుకుంటామో తెలిసొచ్చింది. దొంగ సైటుకూ తాళం గుర్తు వచ్చేది, దాని ఎన్‌క్రిప్షనూ అసలైనదే. జనం ఆ గుర్తును తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే క్రోమ్ 2023లో దాన్ని తీసేసింది.

ఇంట్లో పెద్దవాళ్ళకు ఫోను నేర్పేటప్పుడు సైటు పేరు అక్షరం అక్షరం చదివించండి. బ్యాంకు పేరుతో మెసేజిలో వచ్చిన లింకును మాత్రం నొక్కనివ్వకండి.