12,500 అడుగుల గట్టు

శాన్‌డియేగో నుంచి రివర్‌సైడ్‌కి 215 ఫ్రీవే మీద పోతుంటే పెర్రిస్ ఊరు దగ్గర ఆకాశంలో రంగురంగుల పారాచూట్లు కనిపిస్తాయి. మా అమ్మాయి చదివేది రివర్‌సైడ్‌లో. దాన్ని దింపడానికి వెళ్లినప్పుడల్లా వాటిని చూసి, పనీపాటా లేనివాళ్లు అనుకుంటూ పోయేదాన్ని. దానికి పద్దెనిమిది నిండిన రోజున ఏం కావాలే అని అడిగితే, "అమ్మా, అక్కడ దూకుదాం" అంది. అందులో నేనూ ఉన్నానని కాస్త ఆలస్యంగా వెలిగింది.

ఆ రోజు దూకింది టాండెమ్. మనల్ని ఇన్‌స్ట్రక్టర్ ఛాతీకి కట్టేసి తీసుకుపోతారు. ఎత్తు చూసుకునేది ఆయనే, పారాచూట్ తెరిచేది ఆయనే, దించేది ఆయనే. నేను చేసిందల్లా కాళ్లు మడుచుకుని అరవడం. మా అమ్మాయి ఫొటోలు పెట్టుకుని, ఆ ముచ్చట అంతటితో తీరిపోయి, పరీక్షల్లో పడింది. పురుగు తొలిచింది నన్ను.

చిన్నప్పుడు ప్రకాశం జిల్లాలో మా ఊరి మోటబావిలో ఎండాకాలం మగపిల్లలంతా దూకేవాళ్లు. ఈత రానివాళ్ల నడుముకి ఎండు సొరబుర్ర కట్టి తోసేవాళ్లు. మేం ఆడపిల్లలం గట్టు మీద కూచుని వాళ్ల చొక్కాలకి కాపలా. టాండెమ్ అయిపోయి ఇంటికొస్తున్నప్పుడు కారులో నాకు గుర్తొచ్చింది ఆ చొక్కాలే. ఎవరో దూకితే నేను కూడా వెళ్లి రావడం దూకడం ఎలా అవుతుంది?

"నలభై ఏడేళ్లొచ్చాక ఇదేం సరదా" అన్నారు మా ఆయన. మన దేశపు స్కైడైవర్ రేచల్ థామస్ 1979లోనే ఆగ్రాలో దూకిందనీ, 2002లో ఉత్తర ధ్రువం మీద దూకిందనీ, 2005లో పద్మశ్రీ ఇచ్చారనీ చదివి వినిపించాను. "నీకూ ఇస్తారా?" అని పేపర్లో తల దూర్చారు. దాన్ని అనుమతి కిందే లెక్కేసుకున్నాను.

పెర్రిస్ చుట్టూ బండరాళ్లు పేర్చినట్టుండే బోడిగుట్టలు. అనంతపురం వైపు బస్సులో పోతున్నట్టే ఉంటుంది, తాటిచెట్ల బదులు ఈత జాతి చెట్లు తప్ప. విమానాల పక్కనే ఈతకొలను, పైకి గాలి కొడుతూ మనిషిని తేల్చే విండ్ టన్నెల్, మధ్యాహ్నానికే కిక్కిరిసే హోటలు. ఒక మూల పాత డీసీ-9 జెట్ ఒకటి నిలబడి ఉంటుంది. నీడపట్టున పాత తివాచీల మీద పారాచూట్లు మడతపెట్టే కుర్రాళ్లు. నైలాన్ గుడ్డలోంచి గాలి పోయేదాకా దాని మీద మోకాళ్లతో పాకుతూ, బొంతలు చుట్టేవాళ్లలా ఒళ్లంతా వాడి నొక్కుతారు. నా ప్రాణం ఆ మడతలో ఉందని తెలిసిన దగ్గర్నుంచి ఆ కుర్రాళ్లకి తెగ మర్యాద ఇస్తున్నాను. రిజర్వ్ పారాచూట్ మాత్రం వాళ్లు ముట్టుకోకూడదు. లైసెన్సున్న రిగ్గరే దాన్ని మడిచి సీలు వెయ్యాలి, 180 రోజులకోసారి వాడినా వాడకపోయినా విప్పి మళ్లీ మడవాలి.

నేర్చుకునే పద్ధతి పేరు ఏఎఫ్ఎఫ్, అంటే యాక్సిలరేటెడ్ ఫ్రీ ఫాల్. 1980ల మొదట్లో వచ్చింది. అంతకుముందు కొత్తవాళ్లని తక్కువ ఎత్తులో దూకిస్తే, విమానానికి కట్టిన తాడే పారాచూట్‌ని లాగి తెరిచేది. ఇప్పుడు మొదటి దూకుడే 12,500 అడుగుల పైనుంచి. వీపు మీద పారాచూట్ మనదే, తెరవాల్సిందీ మనమే. చెరో పక్కన ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు పట్టుకుని మనతోపాటు పడతారు. నాకైతే రెండు సొరబుర్రలు.

మొదటి రోజు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పాఠం. అందులో ముప్పాతిక వంతు పారాచూట్ సరిగ్గా తెరుచుకోకపోతే ఏం చెయ్యాలన్నదే. కుడిపక్క ఎర్ర హ్యాండిల్ లాగితే చెడిపోయిన పారాచూట్ ఊడిపోతుంది, ఎడమపక్క వెండిరంగుది లాగితే రిజర్వ్ వస్తుంది. ఏ సంగతీ 2,500 అడుగులకి దిగేలోపే తేలిపోవాలి. సీలింగుకి వేలాడే పట్టీల్లో మమ్మల్ని కట్టేసి, చిక్కుపడ్డ పారాచూట్ బొమ్మలు చూపిస్తూ, "ఎర్రది చూడు, పట్టు, లాగు, వెండిది చూడు, పట్టు, లాగు" అని ఎక్కాలు చెప్పించినట్టు చెప్పించారు. ఆ వారమంతా వంటింట్లో గరిటె పట్టుకుని అదే గొణుక్కున్నాను. మనం స్పృహ తప్పినా ఆదుకోవడానికి వీపు సంచిలో ఒక చిన్న యంత్రం ఉంటుంది. 750 అడుగుల దగ్గర ఇంకా వేగంగా పడుతుంటే అదే రిజర్వ్ తెరిచేస్తుంది. హెల్ముట్ క్లోత్ అనే జర్మన్ చేసిన సైప్రస్ అనే ఆ యంత్రం 1991లో బజారులోకి వచ్చింది. "అది ఉందన్న సంగతి మర్చిపో" అన్నాడు మా గురువు, నెరిసిన గడ్డం ఆయన.

ఇక ఎదురుచూపు. గాలి గంటకి 14 మైళ్లు దాటితే విద్యార్థుల్ని ఎక్కనివ్వరు. మధ్యాహ్నమైతే సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. విండ్‌సాక్ నిక్కబొడుచుకుంటే మన పని అయిపోయినట్టే. స్కైడైవింగ్ అంటే ముప్పావు నిమిషం పడటం కోసం ముప్పావు రోజు కుర్చీలో కూచోవడం. ఈ సంగతి ఏ వీడియోలోనూ చూపించరు.

ట్విన్ ఆటర్ విమానంలో ఇరవైమందిమి బల్లల మీద ఒకళ్ల వెనక ఒకళ్లం ఇరుక్కుని కూచుంటాం. కింద ఎండ మండుతుంటే పైన వేళ్లు కొంకర్లు పోతాయి. 10,834 అడుగుల శాన్ హసింటో శిఖరం మనకంటే కిందికి జారిపోతుంది. తలుపు తెరుస్తారు. అప్పటిదాకా కబుర్లు చెప్పిన నోళ్లన్నీ ఆ హోరులో మూతపడతాయి.

అందరూ అడిగేది కడుపులో తిప్పదా అని. తిప్పదు. జెయింట్ వీల్లో దిగేటప్పుడు పేగులు పైకొచ్చినట్టు ఉంటుంది చూడండి, అది ఇక్కడ లేదు. విమానం అప్పటికే గంటకి వంద మైళ్లకి దగ్గర్లో పోతుంటుంది కాబట్టి, బయటికి అడుగేసినవాళ్లు ఒక్కసారిగా కిందికి పడరు, ఎదురుగాలి ఒళ్లోకి వాలతారు. పది సెకన్లలో వేగం గంటకి 120 మైళ్లకి చేరుతుంది. ఆ తర్వాత పడుతున్నట్టే ఉండదు, వరద మీద బోర్లా పడుకున్నట్టు ఉంటుంది. భయమంతా తలుపు దగ్గరే. గడప దాటాక భయపడటానికి తీరిక ఉండదు.

మూడో దూకుడులో ఇద్దరూ నన్ను వదిలేశారు, పరీక్షకి. పట్టు వదిలిన మరుక్షణం నా ఎడమకాలు దానంతటది ముడుచుకుంది. కాలు వంకరగా ఉంటే గాలి దాన్ని చుక్కానిలా పట్టుకుని మనిషిని తిప్పేస్తుంది. గుట్టలూ చెరువూ ఫ్రీవే గిర్రున తిరుగుతున్నాయి. గడ్డం గురువు ఈదుకుంటూ వచ్చి, నా మొహం ముందు రెండు వేళ్లు చాపి చూపించాడు. కాళ్లు చాపు అని అర్థం. ఆ సైగ తరగతిలో ఇరవైసార్లు చూశాను. ఆ క్షణాన నాకు అది విజయ చిహ్నంలా కనిపించింది. భేష్ అంటున్నాడనుకుని పళ్లన్నీ కనపడేలా నవ్వాను. ఆయన మళ్లీ చూపించాడు. నేను మళ్లీ నవ్వాను. చివరికి కాలు పట్టుకుని తిన్నగా లాగాడు. కిందికొచ్చాక వీడియో పెట్టి చూపిస్తే నవ్వనివాళ్లు లేరు. ఆ పాఠం మళ్లీ మొదటికొచ్చింది, డబ్బులతో సహా.

నిజం చెప్పాలంటే పడటం వారంలో వచ్చేస్తుంది. దిగడమే రాదు. చివర్లో రెండు తాళ్లు నడుముదాకా లాగితే పారాచూట్ బ్రేకు వేసినట్టు ఆగి, మనల్ని నేలమీద నిలబెడుతుంది. ఆ లాగడాన్ని ఫ్లేర్ అంటారు. తొందరపడితే పైనే ఆగి దభీమని పడతాం, ఆలస్యమైతే నేల మనల్ని ఈడ్చుకుపోతుంది. చెవిలో రేడియో గొంతు "ఇప్పుడే వద్దు... ఇప్పుడే వద్దు..." అంటుంటే, నేల మీదికొస్తోందన్న కంగారులో రెండుసార్లు ముందే లాగేశాను. నాలుగు రోజులు తలగడ వేసుకుని కూచున్నాను.

తొమ్మిదోసారి ఎవరూ పక్కన లేకుండా దూకాను. గడ్డం గురువు అదే విమానంలో ఉన్నాడు గానీ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, నన్నెరగనట్టు. తలుపు పక్కన పట్టీ చేత్తో పట్టుకుని, "ఒకటి, రెండు, మూడు" అని తెలుగులోనే అనుకుని వాలాను. ఎడమ మణికట్టు మీద ఆల్టిమీటర్ ముల్లు తొమ్మిదివేలు. కాళ్లు చాచే ఉన్నాయా? ఉన్నాయి. ఎనిమిది. కింద ఒక ఇంటి వెనక నీలం రంగు కొలను, రూపాయి బిళ్లంత. ఏడు. ఆరువేల దగ్గర రెండు చేతులూ తలపైన ఊపాను, దగ్గర్లో ఎవరన్నా ఉంటే తప్పుకోమని. ఎవరూ లేరు. ఎవరూ లేకపోయినా ఊపాలి. కుడిచెయ్యి నడుము వెనక్కి పోయి హ్యాండిల్ వెతికి లాగి విసిరింది.

భుజాలు పైకి గుంజినట్టయి ఒక్కసారిగా హోరు ఆగిపోయింది. తలెత్తి చూస్తే దీర్ఘచతురస్రం, తాళ్లు తిన్నగా. రేడియో కూడా మాట్లాడలేదు. ఎక్కడ మలుపు తిరగాలో వెయ్యి అడుగుల దగ్గర నేనే తేల్చుకున్నాను, ఆరువందల దగ్గర నేనే, మూడువందల దగ్గర నేనే. నిలబడి దిగాను. దిగాల్సిన చోటికి చాలా దూరంలో దిగాను లెండి. తడిసిన చీరల మూటలా పారాచూట్‌ని రెండు చేతులా ఎత్తుకుని ఆ దుమ్ములో పావుగంట నడిచాను.

ఏది మొదటిసారి చేసినా అందరికీ బీరు పెట్టె కొనివ్వాలని అక్కడి ఆచారం. పులిహోర తెస్తే చాలదా అంటే, రెండూ తెమ్మన్నారు. తెచ్చాను. లైసెన్సు రావాలంటే పాతిక దూకుళ్లు కావాలి, ఇంకా పదహారు.

ఆ రాత్రి ఒంగోలు ఫోన్ చేసి అమ్మకి చెప్పేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఒంటికి ఏమన్నా కట్టారా?"

"కట్టారమ్మా. రెండు."

"ఒకటి తెరుచుకోకపోతే?"

"రెండోది ఉందిగా."

"అదీ తెరుచుకోకపోతే?"

ఏం చెప్పాలో ఆలోచిస్తుండగానే, "నీతో నాకెందుకు గానీ, పిల్ల ఇంటికొచ్చిందన్నావుగా, ఫోను దానికియ్యి" అంది.