నుదుట వ్రాసిన పేరు

2019 అక్టోబరు నెలాఖరులో సేవకుల కూడిక నిమిత్తము మెక్సికో దేశము వెళ్ళే భాగ్యమును ప్రభువు మాకు ఇచ్చాడు. కూడిక ముగిసిన మరునాడు అక్కడి సంఘ సహోదరుడొకరు మమ్మును రాజధానికి పడమరగా ఉన్న టొలూకా పట్టణమునకు తీసుకువెళ్ళారు. అది సముద్రమట్టమునకు 2,600 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న చలి ప్రదేశము.

ఊరి నడుమ కమానుల వసారాల క్రింద వరుసగా మిఠాయి అంగళ్ళు. ప్రతి అంగడిలోను తెల్లని చక్కెర పుఱ్ఱెలే! నవంబరు 1న చనిపోయిన పిల్లలను, 2న పెద్దలను అక్కడివారు తలంచుకుంటారు. ఇంట్లో బల్లమీద ఫోటో, కొవ్వొత్తులు, నీళ్ళు, రొట్టె, బంతిపూలతో పాటు ఈ పుఱ్ఱెలను పెడతారు. మన పెరళ్ళలోని బంతి కూడ ఆ దేశమునుండి వచ్చినదే.

తయారీ గూర్చి విన్నప్పుడు మన పంచదార చిలకలు జ్ఞాపకము వచ్చాయి. మనకు చెక్క అచ్చులు, వారికి మట్టి అచ్చులు. అచ్చును నీళ్ళలో తడిపి, రెండు సగములను జతచేసి కట్టి, నిమ్మరసము పిండి కాచిన చక్కెర పాకమును పోస్తారు. అంచులు గట్టిపడగానే లోపలి పాకమును తిరిగి వంపేస్తారు. పుఱ్ఱె బోలుగా నిలుస్తుంది. ఆరిన తరువాత రంగుల చక్కెర ముద్దతో పువ్వులు, తీగలు దిద్ది, కన్నులకు మెరుపు కాగితము అతికించి, నుదుట పేరు వ్రాస్తారు. బ్రతికియున్న స్నేహితులకు కూడ వారి పేరే వ్రాసి కానుకగా ఇస్తారట!

నిజము చెప్పాలంటే మాకు వెగటు పుట్టింది. అంతలో ఒక తల్లి వచ్చి, చిన్న పుఱ్ఱె ఒకటి ఎంచుకొని, దానిమీద తన కుమారుని పేరు వ్రాయించుకొన్నది. "చనిపోయిన పిల్లవాడు వచ్చి తింటాడా?" అని సహోదరునిచేత అడిగించాము. ఆమె కోపపడలేదు. "బడిలో వాని పేరు ఇక పిలవరు. ఏడాదికి ఒక్కసారి ఇక్కడ వ్రాయించుకుంటాను" అన్నది.

ఆ మాట మమ్మును గ్రుచ్చింది. కొన్నేళ్ళ క్రితము సమాధుల పండుగనాడు మా సంఘములోని ఒక సహోదరి తన బిడ్డ సమాధిమీద రెండు అరిసెలు పెట్టింది. "ఇది అన్యుల ఆచారము, తీసెయ్యమ్మా" అని అందరియెదుట గద్దించాము. ఆమె "సరే అయ్యగారూ" అని వాటిని కొంగున కట్టుకొని వెళ్ళిపోయింది. మరల సమాధుల తోటకు రాలేదు. టొలూకా అంగడిలో నిలబడి ఆ బిడ్డ పేరు తలంచుకోబోతే, మాకు జ్ఞాపకము రాలేదు.

ప్రియులారా, చనిపోయినవారు భోజనమునకు వస్తారని మనము నమ్మము. మన నిరీక్షణ పునరుత్థానమందున్నది. ఆ బోధను మేము మార్చుకొనలేదు. అయితే లాజరును తాను లేపుతానని ఎరిగియుండి కూడ మన ప్రభువు ఏడ్చాడు. మేమైతే బోధించాము గాని ఏడ్వలేదు.

ఊరు చేరిన వారములోనే ఆమె యింటికి వెళ్ళాము. "అమ్మా, మమ్మును క్షమించు. నీ బిడ్డ పేరు మరచిపోయాము, చెప్పమ్మా" అన్నాము. ఆమె చాలాసేపు మాటలాడలేదు. తరువాత పేరు చెప్పి, "ఇన్నేళ్ళుగా ఎవరూ అడుగలేదయ్యగారూ" అన్నది.

అప్పటినుండి ఏటా సమాధుల పండుగ ఆరాధనలో, ప్రభువునందు నిద్రించిన మా సంఘస్థులందరి పేర్లు చదువుతున్నాము. ఆ బిడ్డ పేరు వచ్చినప్పుడు ఆమె లేచి నిలబడుతుంది.