చక్రములపై సంసారము

ఇల్లనగా కదలనిదని మన పెద్దల తలంపు. శంకుస్థాపన మొదలు గృహప్రవేశము వరకు మనము చేయు క్రతువులన్నియు ఆ స్థిరత్వమును కోరునవే. నేతవారి కుటుంబములలో ఇది మరింత నిజము. గుంటమగ్గము నేలలో పాతుకొని యుండును. గుంట యున్నచోటనే ఇల్లు. మా తాతగారు రాయదుర్గమునుండి బళ్ళారికి వచ్చి, అద్దె ఇంటిలో కొన్నాళ్ళుండి, పిమ్మట స్వంత కప్పు క్రింద మగ్గపు గుంట త్రవ్వించుకొనిరి. అప్పటికి రాయదుర్గము, బళ్ళారి ఒకే జిల్లాలోని ఊళ్ళు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అందు చేరినవి. బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. మా ఇల్లు అంగుళమైనను కదలలేదు. కదలినది సరిహద్దు. మేము పుట్టునప్పటికే తాతగారి ఊరు పొరుగు రాష్ట్రమై యుండెను. ఈ సంచికను చదువు కుటుంబములలో అనేకములకు ఇట్టి కథయే ఒకటి యుండునని తలంచుచున్నాము.

మేము మెట్రిక్యులేషను ముగించి, 1979లో ఒక ప్రయివేటు బస్సుల కంపెనీలో గుమాస్తాగా చేరి, ట్రిప్పు షీట్లు, డీజిలు లెక్కలు వ్రాయుచు 2017లో విరమించితిమి. అంతకు ముందు సంవత్సరమే అన్నదమ్ములము కలసి తాతగారి ఇంటిని విక్రయించితిమి. ముగ్గురి వాటాకు చాలునంతటి ఇల్లు కాదది. మా వంతుకు ఊరి వెలుపల ముప్పది అడుగులకు నలుబది అడుగుల ఒక సైటు, కొంత సొమ్ము మిగిలినవి. కుమారుడు అనంతపురమున, కుమార్తె షోలాపురమున సంసారములు చేసికొనుచున్నారు. ఇరువురును మమ్ము పిలిచిరి. ఆరు మాసములు ఒకరియొద్ద, ఆరు మాసములు మరియొకరియొద్ద నుండవలెనని వారు తమలో తాము ఏర్పాటు కూడ చేసికొనిరి. అది ప్రేమతో చేసిన ఏర్పాటే. కాని మా గృహిణి విని, "ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ అంటే మనం మనుషులమా, వంతుకు తోలుకొనిపోయే పాడిగేదెలమా? పోయిన చోటికల్లా మన పొయ్యి మనతో రావల్ల" అనెను. ఆ మాటయే ఈ వ్యాసమునకు మూలము.

2018లో మా కంపెనీ 2009 నాటి బస్సు నొకదానిని రూటునుండి తప్పించి అమ్మకమునకు పెట్టినది. దాని డీజిలు లెక్కలు తొమ్మిదేండ్లు మా చేతిమీదుగా వ్రాసినవే; అది ఎంత త్రాగునో, ఎప్పుడు మొరాయించునో మాకు తెలియును. రెండు లక్షల అరువదివేల రూపాయలకు దానిని కొంటిమి. మార్పులకు మరి నాలుగు లక్షల పదివేలు అయినవి. రెండు గదుల ఇల్లు కట్టుటకు ఇంతకు రెట్టింపు కావలసియుండెను.

పాత బస్సును కొని ఇష్టము వచ్చినట్లు మార్చుకొనవచ్చునని కొందరనుకొందురు. అది సరికాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 52వ సెక్షను ఇందుకు అడ్డు నిలుచును. తయారు చేసినవారు నిర్ణయించిన ముఖ్య లక్షణములను యజమాని తన ఇచ్ఛానుసారము మార్చరాదు. అనుమతితో చేసిన మార్పును సైతము రిజిస్ట్రేషను పత్రమున ఎక్కించుకొనవలెను. ఒక రాష్ట్రపు బండి మరియొక రాష్ట్రమున పండ్రెండు మాసములకు మించి యుండినచో అచట తిరిగి రిజిస్టరు చేయవలెను. ప్రయాణికుల బస్సును నివాసపు బండిగా వ్రాయించుకొనుటకు మేము ఆర్.టి.ఓ. ఆఫీసునకు పదునొకండు పర్యాయములు పోయితిమి. ముప్పదియెనిమిదేండ్లు కాగితముల నడుమ బ్రతికిన వారమగుటచే అది మాకు భారముగా తోచలేదు. పెద్ద బండి నడుపు లైసెన్సు మాకు లేదు. మా మేనల్లునికి కలదు. అతడే మా సారథి.

ఇక నిర్మాణము. నలుబదియెనిమిది సీట్లు ఊడదీసిన పిమ్మట లోపల ఇరువదియేడు అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల రెండంగుళముల ఎత్తు మిగిలినవి. అనగా సుమారు రెండువందల చదరపుటడుగులు. ప్రయాణమున ఎవ్వరును నిలువబడకుండ డ్రైవరు సీటుతో పాటు మూడు సీట్లు మాత్రము ఉంచితిమి. వెనుకటి అత్యవసర ద్వారమును మూయలేదు. ఒకే వాకిలిగల ఇంటిలో పొయ్యి వెలిగించుట ప్రమాదకరము. చక్రముల పైభాగమున నేల రేకు త్రుప్పుపట్టియుండగా కోసి క్రొత్తది వెల్డింగు చేయించితిమి. బళ్ళారి ఎండ నలుబది డిగ్రీలు దాటును. ఇనుప కప్పు క్రింద మనిషి నిలువలేడు. అందుచే రేకునకు, ప్లైవుడ్డునకు నడుమ థర్మకోలు పరపించి, పొయ్యి వైపున మాత్రము నిప్పంటుకొనని గాజుదూది పెట్టించితిమి. పైకప్పునకు తెల్లరంగు వేయించితిమి. అయినను వేసవిలో అసలు రక్షణ కప్పునకు అడుగు ఎత్తున వేసిన కొబ్బరిమట్టల పందిరియే. ఎండ పందిరిమీద ఆగును. నడుమ గాలి ఆడును.

నీరు లీటరునకు కిలో తూగును. మూడువందల లీటర్ల నీటిని ఒకే ప్రక్కన నింపినచో బండి ఒరగును. కావున చెరి నూటయేబది లీటర్ల తొట్లను నేల క్రింద ఇరుప్రక్కల అమర్చితిమి. వంటగ్యాసు గాలికన్న బరువైనది. కారినచో పైకి పోక నేలమీద ప్రాకును. అందుచే సిలిండరు పెట్టు అలమర అడుగున బయటికి రంధ్రము చేయించితిమి. ఇంజనుకు సంబంధించిన బ్యాటరీల జోలికి పోక, దీపములకు, పంకాలకు వేరుగ బ్యాటరీలు పెట్టి, కప్పుమీది సౌరఫలకములతో వానిని నింపుకొంటిమి. ఫ్రిజ్జు లేదు. ఏనాటి కూర ఆనాడే.

2018 విజయదశమికి గృహప్రవేశము. వాకిలి ఏ దిక్కున నున్నదని పురోహితులు అడిగిరి. బస్సు వాకిలి ఎడమప్రక్క నుండును గదా. మా మేనల్లుడు బండిని దక్షిణ ముఖముగ త్రిప్పి నిలుపగా వాకిలి తూర్పునకు వచ్చినది. వాస్తుదోషమును అంత త్వరగా సవరించిన వారిని తాము చూడలేదని పురోహితులు నవ్విరి. ఫుట్‌బోర్డునకే పసుపు పూసి, గడపగా భావించి, లోపల పాలు పొంగించితిమి.

ఆ దినమున మా కుమారుడు రాలేదు. "కొడుకు తల్లిదండ్రులను బస్సులో పెట్టినాడని నలుగురూ అనుకొంటారు నాయనా" అని ఫోనులో చెప్పి, పిమ్మట కొన్నాళ్ళు మాటాడలేదు. బంధువులలో కొందరు సంచారజాతుల బ్రతుకని ఎగతాళి చేసిరి. మాకు ఆ మాటయందు అవమానము కనబడలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధ నాటకముతో మొదలైన సురభి సమాజము వారు తరతరములుగ తెరలు, పెట్టెలు, పసిబిడ్డలు, వంటపాత్రలతో ఊరూర తిరిగి మన నాటకమును నిలిపిరి. బళ్ళారి రాఘవగారి ఊరివారమైన మాకు రంగస్థలమునకు బ్రతుకు నిచ్చిన సంచారము చులకన కానేరదు. రాజస్థానమున గాడియా లోహారులు చిత్తోడు కోట 1568లో పడిపోయినది మొదలు స్థిరనివాసము చేయమని ప్రతిజ్ఞ పూనిరని చెప్పుకొందురు. వారి బండ్లే వారి ఇండ్లు. 1955 ఏప్రిలులో నెహ్రూగారు వారిని తిరిగి ఆ కోటలోనికి తోడ్కొని పోయిరి. పాత బస్సునకు మరియొక బ్రతుకు కలదని ప్రభుత్వ సంస్థలును ఇటీవల కనుగొన్నవి: 2020లో కేరళ రవాణాసంస్థ మున్నారులో పాత బస్సులను యాత్రికుల పడకగదులుగ మార్చినది, అదే సంవత్సరము బెంగుళూరు కెంపెగౌడ బస్సు స్టాండులో కర్ణాటక సంస్థ ఒక పాత బస్సును స్త్రీల మరుగుదొడ్డిగ మార్చినది.

సంచారమున కష్టము లేదనము. చిరునామా మార్పించుకొనుటకు ఒక కార్యాలయమునకు పోగా, ఇంటి నంబరను గడిలో బండి నంబరు వ్రాసినందున కాగితము వాపసు చేసిరి. "ఇది ఇల్లు కాదు, వాహనము" అని అచటి ఉద్యోగి అనెను. "రాత్రి పండుకొనేది అందులోనే గదా అప్పా" అని మా గృహిణి ఆయనను కన్నడములో అడిగినది. ఆయన నిజమేనని ఒప్పుకొనెను గాని కాగితమును మాత్రము ఒప్పుకొనలేదు. తుదకు సైటు నంబరుతో పని జరిగినది. నేల కాగితమున నిలిచినది. మేము బండిలో నిలిచితిమి.

2020 శివరాత్రికి హొసపేట, విజయపురముల మీదుగ షోలాపురము చేరి, అల్లుని చద్దర్ల మగ్గముల షెడ్డు వెనుక ఖాళీస్థలమున బస్సు నిలిపితిమి. పదిదినములు ఉండవలెనని పోయినవారము ఆగస్టు వరకు ఉంటిమి. మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిచిపోయినవి. మగ్గముల చప్పుడు ఆగిపోయినది. వియ్యంకుల ఇల్లు చిన్నది, అందు ఏడుగురు. జ్వరము వచ్చినవారు వేరుగ నుండవలసిన దినములు. కుమార్తె అత్తగారికి జ్వరము తగిలినపుడు, బస్సు వెనుకభాగమున మా పడక ఆమెకిచ్చి, నడుమ తెర కట్టి, వెనుకటి ద్వారముననే అన్నము అందించి, మేము పందిరి క్రింద పదునాలుగు రాత్రులు గడపితిమి. ఆమె కోలుకొనెను. పిలువని చుట్టములవలె నెలల తరబడి ఒకరి ఇంట నున్నామను భావము మాకు ఒక్క దినమైనను కలుగలేదు; మా పొయ్యి మాతో వచ్చియుండెను.

అప్పుడు మా మనుమనికి ఏడేండ్లు. మరాఠీ బడి, బడియు మూతపడినది. ఇంటిలో తెలుగు మాటాడును గాని అందు సగము మరాఠీ. అక్షరము ఒక్కటియు రాదు. ఇల్లు చిన్నది చేసికొను వేళ మేము అలమరలు, మంచములు, ఇత్తడి బిందెలు వదలితిమి. మా గృహిణి ఒక రేకుపెట్టెను మాత్రము వదలలేదు. అందు ఆమె తల్లి రాయదుర్గమునుండి వ్రాసిన కార్డులు నూటికి పైగా కలవు. వంకర వ్రాలు, అరసున్నలు, ఎవరి ఆవు ఈనినదో, ఏ మగ్గము ఆగినదో ఆ వార్తలు. "మనం పోయినాక ఈ పెట్టె పాతసామాన్లోనికి పోతుంది. చదివేవాడు ఎవడుండాడు?" అని ఆమె పలుమార్లు అనుచుండెడిది. ఆ ప్రశ్నకు మాయొద్ద ప్రత్యుత్తరము లేకుండెను.

బస్సునకు ఇరుప్రక్కల ఆరేసి కిటికీలు, కిటికీకి రెండేసి అద్దములు. ఆమె సున్నము తడిపి ప్రతి ఉదయము ఒక అద్దముమీద ఒక అక్షరము వ్రాయును. మనుమడు దానిని వ్రేలితో దిద్దును. అద్దములన్నియు నిండినపుడు తుడిచి మరల మొదలిడిరి. బయటినుండి చూచినచో అక్షరములు తలక్రిందులు గాక కుడియెడమలైనట్లు కనబడును. వాడు బయటికి పరుగెత్తి అట్లును చదివి నవ్వుచుండెను. గుణింతములు జూన్ మాసమున, ఒత్తులు జులైలో. ఆగస్టులో మేము బయలుదేరుటకు ముందు వాడు రేకుపెట్టె తెరచి, ఒక కార్డు తీసి, ఒక్కొక్క అక్షరము కూడబలుకుకొని, తన అవ్వకు ఆమె తల్లి మాట వినిపించెను. కార్డులో విశేషమేమియు లేదు. ఉగాదికి రమ్మనియు, వచ్చునపుడు బళ్ళారినుండి చింతపండు తేవలదు, ఇక్కడ చవుకగా నున్నదనియు వ్రాసియుండెను. మా గృహిణి దానిని మూడుమారులు చదివించుకొనెను.

మా కుమారుడు 2019 సంక్రాంతికే వచ్చి పందిరిక్రింద ఒక రాత్రి పండుకొని కోపము మానియుండెను. అటుపిమ్మట ఏటేట రెండు మాసములు అనంతపురమున అతని ఇంటి ముంగిటనే మా బస్సు నిలుచుచుండెను. కోడలు ఉదయమున కాఫీ తెచ్చి ఫుట్‌బోర్డుమీద కూర్చుండి మాటాడును. ఒకే కప్పు క్రింద ఉండినచో ఇంత మాట సాగునా యని మేము అనుకొందుము.

2024తో బస్సునకు పదునైదేండ్లు నిండినవి. రిజిస్ట్రేషను గడువు తీరినది. పొడిగించుకొనవలెనన్న మరల పరీక్ష, రుసుము, మరమ్మతు. ఫుట్‌బోర్డు ఎత్తు పదునాలుగు అంగుళములు. మా గృహిణి మోకాళ్ళకు అది కొండ యైనది. ఇరువురము ఆలోచించి ఇక రోడ్డు ఎక్కరాదని నిశ్చయించుకొంటిమి. సైటులో రాతిదిమ్మెలమీద ఇరుసులు ఎక్కించి, చక్రములమీది భారము తీసివేసి, వాకిలికి రెండు మెట్లు కట్టించితిమి. మరుగుదొడ్డికి గుంట త్రవ్వించితిమి. తాతగారి మగ్గపు గుంట తర్వాత మా వంశమున నేలలో త్రవ్విన గుంట ఇదియే.

తరతరములుగ ఒకే ఊర నున్నను "మీది ఏ ఊరు?" అని అడిగించుకొను కుటుంబములు మనవి. ఆ ప్రశ్నకు గోడలు సమాధానము చెప్పగలవని మేము ఒకనాడు అనుకొనెడివారము. గోడలను పంచుకొని అమ్ముకొంటిమి, చక్రములును నిలిచినవి. మిగిలినది రేకుపెట్టె, దానిని తెరచి చదువగల పిల్లవాడొకడు. ఇల్లు ఎంత పెద్దదైనను, ఏ రాష్ట్రమున నున్నను, అందలి పాత ఉత్తరమును చదువగలవారు ఒక్కరైనను ఉండునట్లు చూచుకొనుడని మాత్రము మా మనవి.

మనుమనికి ఇప్పుడు పండ్రెండేండ్లు దాటినవి. మొన్న ఒక కార్డు వచ్చినది. చిరునామా అంతయు తెలుగులో: "అవ్వ, తాత, బస్సు ఇల్లు, బళ్ళారి", దానిక్రింద పిన్‌కోడు. ఇంటి నంబరు లేదు. పోస్టుమాన్ కన్నడమువాడు, తెలుగు చదువగలడు. తిన్నగా తెచ్చి మెట్టుమీద పెట్టి పోయినాడు.